ఏ మూలానికి కట్టుబడాలి?

సూపర్ హీరో కామిక్స్ ఆధారంగా కొత్త టీవీ సిరీసో, యానిమేషన్ సిరీసో వచ్చిన ప్రతిసారీ అభిమానుల మధ్య ముందుగా రాజుకునే వాదన ఒకటే: మూలంలో ఉన్నది ఉన్నట్టు తీశారా, లేదా? దుస్తుల రంగు మొదలుకొని విలన్ చావు దాకా ప్రతిదీ పక్కపక్కన పెట్టి పోల్చడం, తేడా కనిపించిన చోటల్లా తప్పుగా లెక్కగట్టడం ఈ వాదనలో మామూలే. అందులో శ్రద్ధ ఉంది, కామిక్స్ మీద నిజమైన ప్రేమా ఉంది. లేనిదల్లా, ఆ మూలం ఏదో ముందు తేల్చుకునే ఓపిక.

1938లో ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచికలో అడుగుపెట్టిన సూపర్‌మ్యాన్‌కు ఎగరడం రాదు. మైలులో ఎనిమిదో వంతు దూరం దూకగలడు, అంతే. 1941లో ఫ్లైషర్ స్టూడియో అతని మీద యానిమేషన్ లఘుచిత్రాలు మొదలుపెట్టినప్పుడు, ఆ గెంతులు తెర మీద ఎబ్బెట్టుగా ఉన్నాయని అతన్ని గాల్లో ఎగరనిచ్చారు. అతను పనిచేసే పత్రిక ఎడిటర్ పెర్రీ వైట్, అతని బలాన్ని హరించే క్రిప్టోనైట్ రాయి రేడియో ధారావాహికలో పుట్టి కామిక్స్‌లోకి వచ్చినవే. క్రిప్టోనైట్ అయితే 1943లో రేడియోలో వినిపించి, కామిక్స్ పేజీకి చేరేసరికి 1949 అయింది. ఈరోజు వీటిలో ఏ ఒక్కదాన్ని తీసేసినా, మూలాన్ని పాడుచేశారన్న గగ్గోలు తప్పదు.

ఇంతకన్నా లోతైన ఉదాహరణ బ్యాట్‌మ్యాన్ శత్రువు మిస్టర్ ఫ్రీజ్. 1959లో కామిక్స్‌లోకి వచ్చినప్పుడు అతని పేరు మిస్టర్ జీరో. మంచు తుపాకీ పట్టుకు తిరిగే సాదాసీదా దొంగ. ఇప్పుడున్న పేరు 1966 నాటి టీవీ సిరీస్ పెట్టింది. 1992లో మొదలైన ‘బ్యాట్‌మ్యాన్: ది యానిమేటెడ్ సిరీస్’ కోసం పాల్ డీనీ రాసిన ‘హార్ట్ ఆఫ్ ఐస్’ ఎపిసోడ్ మాత్రం అతనికి ఒక జీవితాన్నే ఇచ్చింది. నయంకాని జబ్బుతో శీతల నిద్రలో ఉన్న భార్య నోరా, ఆమెను కాపాడే ప్రయోగాన్ని మధ్యలో ఆపించిన యజమాని, ఆ గొడవలో చలిలో తప్ప బతకలేనివాడైపోయిన శాస్త్రవేత్త. మంచు రాలే గాజు బంతిలో తిరిగే నర్తకి బొమ్మ ముందు కూర్చుని, ఏ ఉద్వేగమూ లేని గొంతుతో అతను మాట్లాడుతుంటే విలన్ అనే మాటే పొసగదు. ఎమ్మీ పురస్కారం పొందిన ఆ రచనలోని కథనే తర్వాత కామిక్స్ కూడా స్వీకరించాయి. అదే సిరీస్‌లో జోకర్ పక్కన చిన్న పాత్రగా పుట్టిన హార్లీ క్విన్ ఈనాడు సొంత పేరుతో కామిక్స్ నడుపుతోంది. కాబట్టి తూచా తప్పకుండా మూలాన్ని పాటించాలని పట్టుబట్టేవారు చాలాసార్లు తెలియకుండానే పాత అనుసరణకే కాపలా కాస్తున్నారు. ఎవరు ఏది ముందు చూస్తే వారికి అదే మూలం. నేనూ అందుకు అతీతుణ్ణి కాను. ఆ సిరీస్‌లో బ్యాట్‌మ్యాన్‌కు గొంతునిచ్చిన కెవిన్ కాన్‌రాయ్‌ది కాని గొంతుతో బ్యాట్‌మ్యాన్ మాట్లాడితే ఇప్పటికీ నా చెవికి ఎక్కదు.

అలాగని ఏ మార్పు చేసినా చెల్లుతుందని కాదు. అసలు నష్టం ఎక్కడ జరుగుతుందో వాదనలు అక్కడికి వెళ్లవు. కామిక్స్‌లో కాలం పాఠకుడి చేతిలో ఉంటుంది. ఒక గడి దగ్గర ఎంతసేపైనా ఆగవచ్చు. రెండు గడుల మధ్యనున్న తెల్లని సందులో ఏం జరిగిందో ఊహించుకునేది అతనే. తెర మీద ఆ సందు ఉండదు, వేగమంతా దర్శకుడిదే. అందుకే సంఘటనలను మక్కీకి మక్కీ దించినా దెబ్బ తగలకపోవచ్చు, వరుస మార్చినా తగలవచ్చు.

రాబర్ట్ కిర్క్‌మన్ రాసిన ‘ఇన్విన్సిబుల్’ సంగతే చూడండి. (ఇంకా చూడనివారు ఈ పేరా, తర్వాతి పేరా దాటేయడం మంచిది.) కథానాయకుడు మార్క్ తండ్రి ఓమ్నీ-మ్యాన్ తన తోటి వీరులను ఊచకోత కోసే ఘట్టం కామిక్స్‌లో ఏడో సంచికలో వస్తుంది. 2021 నాటి యానిమేషన్ సిరీస్ దాన్ని మొదటి ఎపిసోడ్ చివరికే లాక్కొచ్చింది. దాంతో తర్వాతి ప్రతి భోజనాల బల్ల సన్నివేశంలోనూ ప్రేక్షకుడికి తెలిసింది కొడుకు మార్క్‌కు తెలియదు, ఆ మామూలు కబుర్లే భయపెడతాయి. కొన్ని సంచికలకే పరిమితమైన ఉత్కంఠ ఇక్కడ సీజన్ పొడవునా సాగింది. మార్చినవారిలో మూల రచయిత కూడా ఉన్నాడు గనుక, ద్రోహం అనే మాట వాడడమూ కష్టమే.

‘ది బాయ్స్’ చేసిన మార్పు ఇంకా పెద్దది. కామిక్స్‌లో బ్లాక్ నోయర్ అనే సూపర్ హీరో ముసుగు వెనుక ఉన్నది, ఆ జట్టు నాయకుడైన క్రూరుడు హోమ్‌ల్యాండర్ క్లోన్, అంటే అతని నకలు మనిషి. హోమ్‌ల్యాండర్ చేశాడనుకున్న ఘోరాలు కొన్ని నిజానికి ఆ క్లోన్ చేసినవే. 2019లో మొదలైన టీవీ సిరీస్ ఈ మలుపును వదిలేసింది. కొందరు అభిమానులు దాన్ని లోటుగానే చూశారు. నాకు మాత్రం అదే సరైన నిర్ణయమనిపిస్తుంది. నేరాన్ని పంచుకునే మరో మనిషి లేకపోవడంతో అంతా హోమ్‌ల్యాండర్ మీదే నిలుస్తుంది. కెమెరాల ముందు నవ్వుతున్న ఆంటనీ స్టార్ ముఖాన్ని అలాగే చూస్తూ ఉంటే, నవ్వు చెదరకుండానే కళ్లు మాత్రం మారిపోతాయి.