బీపీకి జన్యు పరీక్ష: ఎవరికి, ఎప్పుడు?

నాయనకు బీపీ, పెద్దనాయనకు బీపీ, ముప్పై దాటకముందే కొడుక్కీ బీపీ. నల్లగొండ, నాగర్‌కర్నూల్ పల్లె దవాఖానల్లో ఇలాంటి కుటుంబం కనబడితే ‘వంశంలో ఉంది’ అని గోలీలిచ్చి పంపడమే ఎక్కువ. ఆ మాట అబద్ధం కాదు. మనుషుల బీపీల్లో కనిపించే తేడాలో 30 నుంచి 50 శాతం దాకా జన్యువులదే.

అయితే అది ఏ ఒక్క జన్యువు పనో కాదు. పది లక్షల మందికి పైగా సమాచారంతో 2018లో వచ్చిన అధ్యయనం బీపీతో సంబంధమున్న 901 చోట్లను జన్యుపటంలో గుర్తించింది. చాలావాటి ప్రభావం బీపీ అంకెలో ఒక్క పాయింటు కూడా ఉండదు. బీపీ చూసేటప్పుడు లావు చేతికి చిన్న పట్టీ చుడితే వచ్చే తప్పే అంతకు ఎన్నో రెట్లు! గోలీ వేసుకునేవారి అసలు బీపీ తెలియదు కనుక ఇలాంటి అధ్యయనాల్లో పై అంకెకు 15, కింది అంకెకు 10 కలుపుతారు. గోలీలు సగం రోజులు మానేసేవారికీ అంతే కలిపితే లెక్క తప్పుతుంది. పైగా ఆ సమాచారం దాదాపు అంతా యూరప్ మూలాలవారిది. దాని మీద కట్టిన ‘రిస్క్ స్కోరు’ను, అంటే జన్యువులను బట్టి బీపీ ముప్పు ఎంతో చెప్పే అంకెను, మహబూబ్‌నగర్‌లో కొనుక్కోవడం డబ్బు దండగే.

ఒకే జన్యువు చెడి వచ్చే బీపీ సంగతి వేరు. అరుదే గానీ, పట్టుకుంటే మందే మారిపోతుంది. లిడిల్ సిండ్రోమ్ అలాంటిది. కిడ్నీ నాళికల్లో ఉప్పును వెనక్కి లాగే సోడియం చానెళ్లను (కణం మీది ద్వారాలను) కణం ఎప్పటికప్పుడు తోక పట్టి తొలగిస్తుంటుంది. జన్యులోపంతో ఆ తోక చెడితే చానెళ్లు పేరుకుపోతాయి. ఒంట్లో ఉప్పు నిలుస్తుంది, పొటాషియం మూత్రంలో పోతుంది. ఇందులో ఒంట్లో ఉప్పును నిలిపే హార్మోన్ ఆల్డోస్టిరోన్ పాత్ర లేదు కనుక దాన్ని అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ పనిచేయదు. చానెల్‌నే మూసే అమిలోరైడ్ పనిచేస్తుంది, అదీ ఉప్పు తగ్గిస్తేనే.

కాబట్టి 30 ఏళ్లలోపు బీపీ వస్తే ముందు రక్తంలో పొటాషియం (సీరం పొటాషియం) చూడాలి. 3.5 (mmol/L) కన్నా తక్కువుంటే మూత్రం ఎక్కువ పోయించే గోలీలు, విరేచనాలు, ఇంటి వైద్యంలో వాడే అతిమధురం గురించి అడగాలి. అవేవీ కాకపోతే రక్తంలో రెనిన్ (ఆల్డోస్టిరోన్‌ను పెంచే కిడ్నీ పదార్థం), ఆల్డోస్టిరోన్ చూడాలి. రెండూ తక్కువగా వస్తే అప్పుడు జన్యు పరీక్ష. లిడిల్ ఉన్నా పొటాషియం మామూలుగా ఉండేవారూ ఉన్నారు. వంశంలో చిన్న వయసు బీపీలు గట్టిగా కనిపిస్తుంటే అక్కడితో ఆగొద్దు.

పొటాషియం పరీక్ష ఎక్కువగా దెబ్బతినేది రక్తం శాంపిల్ దగ్గరే. పల్లెలో తీసిన రక్తం జిల్లా ల్యాబ్‌కు చేరేలోపు ఎర్రకణాలు పగిలితే పొటాషియం ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతుంది. చేతికి పట్టీ బిగించి పిడికిలి ఆడిస్తూ తీసినా అంతే. తక్కువ ఉన్న మనిషి ‘నార్మల్’ రిపోర్టుతో ఇంటికి పోతాడు. రిపోర్టులో ‘హిమోలైజ్డ్’ (ఎర్రకణాలు పగిలాయి) అని రాసి ఉంటే మళ్లీ తీయించాలి. లిడిల్ అని తేలితే ఒక్కో బిడ్డకు వచ్చే అవకాశం సగం. ఆ పిల్లలకూ, తోబుట్టువులకూ బీపీ, పొటాషియం వెంటనే చూడాలి.