ఒక్క గీత కూడా లేదండీ

మా ఇంట్లో 140 ఎల్పీ గ్రామఫోన్ రికార్డులున్నాయి. వాటిలో నేను విన్నవి పదకొండు. మిగతావి ఎందుకు వినరని మా ఆవిడ అడుగుతుంది. లాకర్లో ఉన్న కాసులపేరు వేసుకుని కూరల మార్కెట్‌కి వెళ్తావా అని నేనడుగుతాను. ఎవరి ప్రశ్నకూ ఎవరి దగ్గరా జవాబు లేదు. పాతికేళ్ళుగా మా కాపురం ఆ పునాది మీదే నిలబడి ఉంది.

అసలు రికార్డుల విషయంలో మన జాతికి గౌరవం తక్కువ. రికార్డు అనగానే మనకు తెలిసింది బద్దలు కొట్టడం. పెద్ద హీరో సినిమా విడుదలైతే చాలు, మొదటి ఆట వదిలేలోపు నైజాంలో నాలుగు, సీడెడ్‌లో రెండు బద్దలైపోతాయి. కాదంటే జాతరలో రికార్డింగ్ డాన్సు. చెప్పిందే చెప్పేవాణ్ణి అరిగిపోయిన రికార్డు అంటాం, అదేదో నేరమైనట్టు. అరగాలంటే దాన్ని ఎవరో కొన్ని వందలసార్లు వినాలి. అలాంటి తెలివితక్కువ పని మా వర్గం చెయ్యదు. మావి అరగవు. మేం సీలే తియ్యం.

మా వర్గం అంటే, చెన్నైలో లిమిటెడ్ ఎడిషన్ రికార్డు కోసం పొద్దున్నే షట్టరు ముందు నిలబడే వర్గం. మమ్మల్ని చూసి నవ్వేవాళ్ళకు కొన్ని నిజాలు చెప్పడం నా బాధ్యత.

2007లో అమెరికాలో చిన్న చిన్న రికార్డు దుకాణాలవాళ్ళు కూడబలుక్కుని, మరుసటి ఏడు ఏప్రిల్లో రికార్డ్ స్టోర్ డే అని ఒక పండగ మొదలుపెట్టారు. ఏటా ఒక శనివారం. ఆ రోజుకని కొన్ని రికార్డులు లెక్కపెట్టి అచ్చేస్తారు. అవి పెద్ద మాల్స్‌లో దొరకవు. ముందే ఫోన్ చేసి పక్కన పెట్టించుకోకూడదు. ఎవడు ముందొస్తే వాడిది. సిఫార్సు ఉత్తరం లేదు, వీఐపీ బ్రేక్ లేదు, ‘మన కుర్రాడే, కాస్త చూడండి’ లేదు. ఇది తెలుగువాళ్ళు కనిపెట్టిన పండగ కాదని వేరే చెప్పాలా?

ఫలితం చూడండి. లోకమంతా పాతసామాన్లలో పడేసిన వస్తువు, 2022లో అమెరికాలో సీడీల కంటే ఎక్కువ సంఖ్యలో అమ్ముడుపోయింది. 1987 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. సీడీ శాశ్వతమని నమ్మి, పెళ్ళిలో చదివింపుల డబ్బుతో సీడీ ప్లేయరు కొన్నవాణ్ణి నేను. ఈ జ్ఞానమంతా ఆ గాయం మీద మొలిచిందే.

మా దుకాణం నుంగంబాక్కంలో ఒక సందులో, మేడ మీద ఉంటుంది. కింద టైలరు, పక్కన జిరాక్సు. యజమాని మద్రాసు తెలుగువాడు. అంటే, ఏ తాతల కాలంలోనో వచ్చినవాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మాట్లాడతాడు గాని తెలుగు అక్షరం ఒక్కటి కూడా చదవలేడు. ఆ పండగ సరుకు ఓడెక్కి, కస్టమ్స్ వాళ్ళకు దణ్ణం పెట్టుకుని అతని దగ్గరికొచ్చేసరికి రెండు కాపీలు మిగుల్తాయి.

పోయిన ఏప్రిల్లో అలాగే రెండొచ్చాయి. షట్టరు తీసేది పదకొండుకి. నేను ఏడింటికే వెళ్ళాను. అప్పటికే మెట్ల మీద ఇద్దరున్నారు. కత్తిరి ఎండలు ఇంకా మొదలుకాకుండానే చొక్కా వీపుకి అతుక్కుపోయింది. తిరుమల కంపార్టుమెంట్లో కూర్చున్నవాడికి పాలిస్తారు, ఉప్మా పెడతారు. ఇక్కడ కింద టీకొట్టువాడు మా వరస చూసి గ్లాసుకి రెండు రూపాయలు పెంచాడు.

వరసలో మొదటివాడు పాతికేళ్ళ కుర్రాడు, సిరుశేరిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఊరు భీమవరం. ఏ ప్లేయర్ వాడతావు బాబూ అని అడిగాను.

“ప్లేయర్ లేదంకుల్. గోడకు తగిలిస్తా.”

నాకు గౌరవం కలిగింది. మా మార్గంలో నాకంటే ఎంతో ముందుకు వెళ్ళినవాడు. వినకుండా ఉండటానికి నేను నలభై వేలు పెట్టి ప్లేయర్ కొనాల్సివచ్చింది. అతను ఏమీ కొనకుండానే ఆ స్థితికి చేరుకున్నాడు.

రెండో ఆయనకు తొమ్మిదిన్నరకు ఇంటినుంచి ఫోనొచ్చింది. మామగారు కాకినాడనుంచి చెప్పాపెట్టకుండా వచ్చి సెంట్రల్ స్టేషన్లో దిగారట. ఆయన మెట్లు దిగుతుంటే నేను చూపించిన సానుభూతి నిజమైనదేనని ఇప్పటికీ నా నమ్మకం.

కాపీల మీద నంబర్లుంటాయి. నాది 613/1000. కూడితే పది, పదిని కూడితే ఒకటి. కుర్రాడిది 486. కూడితే పద్దెనిమిది, అంటే తొమ్మిది! కారుకి 9999 నంబరు కోసం లక్షలు పాట పాడే జాతిలో పుట్టి, ఇది చూసి ఊరుకోగలమా? మార్చుకుందామా, ఐదొందలిస్తానన్నాను. “నంబర్లో ఏముందంకుల్?” అన్నాడు. ఎంత ముందుకు వెళ్ళినా ఈ తరానికి శాస్త్రం తెలియదు.

ధర 4,200. మా ఆవిడ లాంటివాళ్ళు అది ఎక్కువంటారు. వాళ్ళకోసం ఒక లెక్క. రికార్డుకి ఒక్కో వైపు ఎన్ని గాళ్ళుంటాయి? వందలు కావు, ఒక్కటే. బయటి అంచునుంచి లోపలికి చుట్టలు చుట్టుకుంటూ వెళ్ళే ఒకే గాడి. నిమిషానికి 33 చుట్లు, పైన మూడోవంతు. ఇరవై రెండు నిమిషాల పాటలున్న వైపుని సాగదీసి పరిస్తే దాదాపు అర కిలోమీటరు వస్తుంది. రెండువైపులా కలిపి కిలోమీటరు. ఆ కిలోమీటరుకి టీనగర్ ఆటోవాడు ఎంత అడుగుతాడో తెలిసినవాడెవడూ 4,200 ఎక్కువ అనడు.

ఇంకో సంగతి. ఇంచుమించు ఆ రోజుల్లోనే అక్షయ తృతీయ వస్తుంది. ఉస్మాన్ రోడ్డులో నగల కొట్ల ముందు జనం తోసుకుంటారు, పేపర్లో ఫొటో పడుతుంది, వాళ్ళని ఎవరూ పిచ్చివాళ్ళనరు. వాళ్ళు గ్రాముల్లో కొంటారు, మేమూ అంతే. మామూలు రికార్డు 120 నుంచి 140 గ్రాములు, ఘనమైనది 180. వాళ్ళకి తరుగు, మజూరీ. మాకు రంగు. పీవీసీకి సొంతంగా నలుపు లేదు, బొగ్గుమసి కలిపితే వస్తుంది. మసి తీసేసి గోరింటాకు రంగు కలిపితే వెయ్యి రూపాయలు అదనం. పాట అదే. గొంతూ అదే. కానీ పండినట్టుంటుంది.

నాణ్యతకు గ్రేడులున్నాయి. మింట్ అంటే పుట్టాక మనిషి చెయ్యి పడనిది. తర్వాత నియర్ మింట్, వీజీ ప్లస్, వీజీ (వెరీ గుడ్), కింద గుడ్. గుడ్ అంటే మంచిదనుకుని నేను మొదట్లో ఆరొందలు పోగొట్టుకున్నాను. గుడ్ అంటే గరగర. పెళ్ళి సంబంధాల్లో ‘కుర్రాడు బాగానే ఉంటాడండీ’ అంటారే, అదన్నమాట.

ఎండకి రికార్డు అప్పడంలా వంకరపోతుంది, తేమకి అట్ట బూజుపడుతుంది. చెన్నైలో రెండూ ఉన్నాయి. అందుకే మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఏసీ రికార్డుల గదిలో ఉంది. మే నెలలో ఇంట్లోవాళ్ళు దిండ్లు పట్టుకుని అటొస్తే, ఊపిరి తేమ తగులుతుందని తలుపు వేసేస్తాను. ఏది ముఖ్యమో తెలిసినవాణ్ణి.

ఇంత తెలిసినవాడికీ ఒకసారి కాలు జారింది. రెండేళ్ళ క్రితం అదే దుకాణంలో ఘంటసాల భగవద్గీత దొరికింది. ఆయన 1974 ఫిబ్రవరిలో పోయారు. చివరి రోజుల్లో పాడిన ఆ గీతను మన ఊళ్ళలో ఎప్పుడు పెడతారో పిల్లాణ్ణడిగినా చెబుతాడు. కానీ రికార్డులు పోగేసేవాడి కంటికి గ్రేడు తప్ప మరొకటి కనిపించదు. ఆదివారం పొద్దున్న ఏడింటికి ముల్లు పెట్టాను. సౌండు కొంచెం ఎక్కువే.

పావుగంటలో బెల్లు మోగింది. పై అంతస్తులో ఉండే రిటైర్డ్ బ్యాంకు మేనేజరుగారు, నెల్లూరాయన. చెప్పులు మెట్ల దగ్గరే వదిలేశారు. భుజాన తువ్వాలు. వెనక ఆయన భార్య, కొంగు నోటికడ్డం పెట్టుకుని.

“ఎప్పుడు, కృష్ణగారూ?” అన్నారు నా చెయ్యి పట్టుకుని.

“నిన్న సాయంత్రమండీ.”

“ఒక్క మాటైనా చెప్పలేదే!”

“చెబితే పదిమంది పోటీకొస్తారని.”

బాధలో ఏదో అంటున్నాననుకున్నట్టున్నారు. నా భుజం తట్టారు. “వయసు?”

“యాభై ఉంటుందండీ. అయినా చూడండి, ఒక్క గీత కూడా లేదు.”

“అదృష్టవంతులు. హాల్లోనే పడుకోబెట్టారా?”

“అయ్యో, పడుకోబెట్టకూడదండీ! వంగిపోతుంది. ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి.”

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి మా అమ్మ కాఫీ గ్లాసుతో బయటికొచ్చింది. ఆవిడకి ఎనభై మూడు. మేనేజరుగారి భార్య పెట్టిన కేకకి ఆయన వెనక్కి తూలి ప్లేయర్ బల్లని గుద్దుకున్నారు. ముల్లు ఎగిరి, అడ్డంగా జారుకుంటూ పోయి మధ్యలో లేబుల్ మీద ఆగింది. గీతకి గీత పడింది. వీజీ ప్లస్ కాస్తా ఒక్క క్షణంలో వీజీ అయిపోయింది. అమ్మ మాత్రం, “నాకోసం తొందరపడి వచ్చేశారు, ఎలాగూ వచ్చారు కదా, కాఫీ తాగి వెళ్ళండి” అంది.

చెన్నైలో తెలుగు రికార్డుల కోసం ఇంత వేట ఎందుకు, పాటలన్నీ పుట్టింది ఇక్కడే కదా అని మీకు రావలసిన అనుమానం. నిజమే. సినిమా హైదరాబాదుకి మకాం మార్చకముందు దాదాపు అన్నీ వడపళని, కోడంబాక్కం రికార్డింగ్ థియేటర్లలో పుట్టినవే. కుక్కబొమ్మ కంపెనీ, అదే హెచ్‌ఎంవీ, కలకత్తా డమ్‌డమ్‌లో అచ్చేసి పంపేది. పాతవి కావాలంటే సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్ ఉండేది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం రికార్డులు ఇప్పటిలా పీవీసీవి కావు, లక్కతో చేసినవి. 1985లో మూర్ మార్కెట్ తగలబడింది. భారతంలో లక్క ఇల్లు అంటుకున్నప్పుడు పాండవులకి సొరంగం ఉంది. వీటికి ఎవరూ తవ్వలేదు.

మంటకు దొరకనివాటిని మనమే సాగనంపాం. పెరంబూరులో మా ఇంటి అటక మీద చెక్కపెట్టె నిండా రికార్డులుండేవి. నాన్న ఐసీఎఫ్‌లో, అంటే రైలుపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. బోనస్ వచ్చినప్పుడల్లా ఒకటి కొనేవారు, ఆదివారాలు తలంటుకుని తువ్వాలుతోనే కూర్చుని వినేవారు. టేప్ రికార్డర్ ఇంట్లోకి రాగానే అమ్మ ఆ పెట్టె మొత్తం పాతసామాన్లవాడికిచ్చి ఒక స్టీలు బేసిను పుచ్చుకుంది. బేరం బాగానే ఆడానని ఇప్పటికీ అంటుంది. బేసిను ఇంకా ఉంది, ఇడ్లీపిండి అందులోనే పులుస్తుంది. అప్పుడప్పుడు వేలితో కొట్టి చూస్తుంటాను. మంచి నాదం. నియర్ మింట్.

పోయిన శనివారం దుకాణానికి వెళ్తే, యజమాని బల్ల కిందనుంచి ఒక పాత తెలుగు ఎల్పీ తీశాడు.

“మీకనే ఎత్తిపెట్టినాను సార్. అయితే ప్లేటు వచ్చి, శానా అరిగిపోయింది. ఇంత అరిగేట్టు ఎవురు సార్ వినేది? కవరు చూడండి, ఎవురో పిలకాయ పెన్నుతో అంతా గీకిపెట్టినాడు. అది లేకుంటే రెండువేలు చెప్పేది. మీరు మూడొందలియ్యండి.”

కవరు తిప్పి చూశాను. నీలం బాల్‌పెన్ను. హీరోయిన్‌కి మీసాలు. పక్కనే, ఒకదాని కింద ఒకటి, మూడుసార్లు, అట్ట చిరిగేంత గట్టిగా: క్రిష్న, క్రిష్న, క్రిష్న. వట్రసుడి, ణ ఒత్తు నాకు మూడో తరగతిదాకా పట్టుబడలేదు. వాటికోసం పెరంబూరు బళ్ళో తిన్న దెబ్బలు ఇప్పటికీ గుర్తున్నాయి.

“పిల్లల్ని పెంచేది తెలీదు సార్ కొందరికి,” అన్నాడు.

“తెలీదు,” అన్నాను.

ఆ గీతలు చూపించి ఇంకో యాభై తగ్గించమన్నాను. తగ్గించాడు.