అర చుట్టు

ఇంజిన్‌కి గాలీ పెట్రోలూ కలిపిచ్చే కార్బరేటర్‌ని కనిపెట్టిన మహానుభావులు అన్నీ చక్కగా ఆలోచించి, ఒక్కచోట పప్పులో కాలేశారు. గాలి పాలు సరిచేసే ఎయిర్ స్క్రూని బయట పెట్టారు. పెట్రోల్ వచ్చే చిల్లు, అదే మెయిన్ జెట్టు, చూడాలంటే అడుగున పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గిన్నె విప్పాలి. పెట్రోల్‌ని కొలిచే నీడిల్, దాన్ని గాడిలో పట్టి ఉంచే క్లిప్పు చేతికి రావాలంటే యాక్సిలరేటర్‌తో పాటు లేచే స్లయిడ్‌ని పైకి లాగాలి. ఎయిర్ స్క్రూ మాత్రం గుడి ముందర గంటలాగా వచ్చేపోయేవాళ్లందరికీ అందుతుంది. గంట కనిపిస్తే కొట్టకుండా పోయేవాడు మా తిరుపతిలో ఉంటాడా?

ఆరు నెలలుగా నా రాజ్‌దూత్ 350 రేణిగుంట రోడ్డులో ఒక షెడ్డులో ఉంది. 1983లో మన దేశంలో తయారీ మొదలైన బండి. 347 సీసీ, రెండు సిలిండర్లు, రెండు కార్బరేటర్లు, అంటే రెండు స్క్రూలు. మా నాన్నది. కస్టమ్ బిల్డ్ చేయిస్తానని నేనే తీసుకెళ్లి అప్పగించాను, ఎవరినీ అనడానికి లేదు.

కస్టమ్ బిల్డ్ అంటే తెలియనివాళ్లు గంగమ్మ జాతర గుర్తు తెచ్చుకుంటే చాలు. ఒకరోజు బైరాగి వేషం, మర్నాడు బండ వేషం, ఆ మర్నాడు తోటి వేషం. మా బండి కూడా మొదటి నెల కేఫ్ రేసర్, రెండో నెల స్క్రాంబ్లర్, మూడో నెలకి బాబర్ అయింది, అన్నీ బండి వేషాలే. జాతరలో వేషం కట్టినవాడు సాయంత్రం ఇంటికెళ్లి కడుక్కుంటాడు. మా బండికి ఫ్రేమ్ వెనక భాగం కోసేశారు, అది కడిగితే పోయేది కాదు.

ఆ కోతలో ఎయిర్ ఫిల్టర్ డబ్బా కూడా పోయింది. చూడ్డానికి అసహ్యంగా ఉందట. దాని బదులు జడకుచ్చుల్లాంటి రెండు కోన్ ఫిల్టర్లు వేలాడదీశారు. డబ్బా తీసేస్తే గాలి ఎక్కువ దూరుతుంది, దానికి తగ్గట్టు పెద్ద జెట్టు వెయ్యాలి. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్. అందులో ఆక్సిజన్ ఉంటుంది గనక మిశ్రమం ఇంకా పలచబడుతుంది, అంటే పెట్రోల్ పాలు తగ్గుతుంది. గాలి 14.7 పాళ్లకు పెట్రోల్ ఒక పాలు అని లెక్క కట్టిన రోజుల్లో పెట్రోల్ పెట్రోలే. 1983 నాటి జెట్టుని అలాగే ఉంచి, పైన ఇన్ని మార్పులు చేసి, తేడా అంతా ఎయిర్ స్క్రూ అర చుట్టులో సర్దేద్దామని షెడ్డు నడిపే మా బిల్డర్ ధీమా.

"అయిపోయింది సార్. అర చుట్టు తిప్పితే సెట్టయిపోతాది."

ఇక ట్యూనింగ్ చూడాలి. బండి స్టార్ట్ అయిన చప్పుడు వినగానే రోడ్డు మీద ఆటో ఆగింది. డ్రైవర్ దిగి, సీటు కింద నుంచి తన సొంత స్క్రూడ్రైవర్ తీసుకుని వచ్చాడు. పేరంటానికి పిలిస్తే పసుపు కుంకుమలు తెచ్చుకున్నట్టు. కళ్లు మూసుకుని, తల పక్కకు వాల్చి, అన్నమయ్య కీర్తన వింటున్నట్టు కాసేపు విని, కుడి కార్బరేటర్‌కి అర చుట్టు బయటికి తిప్పాడు. "ఇప్పుడు చూడు సామీ." టీ అంగడాయన గ్లాసులు కింద పెట్టి, కాదని, ఎడమదానికి అర చుట్టు లోపలికి తిప్పాడు. ఆర్టీసీలో రిటైరైన పెద్దాయన ఒకరు బస్సుల అనుభవంతో కుడిది మళ్లీ లోపలికి బిగించారు. ఆ బస్సులు డీజిల్‌వి, వాటికి కార్బరేటరే ఉండదు. పెద్దాయన కదా, ఎవరంటారు? ఇంజినీరింగ్ చదివే కుర్రాడు ఫోన్‌లో వీడియో చూస్తూ ఎడమది తిప్పాడు. వీడియోలో ఉన్నది వేరే బండి. సాయంత్రానికి కుడిది బిగుసుకుపోయి కూర్చుంది, ఎడమది మూడు చుట్లు బయటికొచ్చి ఊగుతోంది. "ఇప్పుడు తాళంలో పడింది" అని ఎవరో అన్నారు, అందరూ తలూపారు, నా ఖాతాలో ఎనిమిది టీలు పడ్డాయి.

నేను బిల్డర్‌ని పక్కకు పిలిచి అడిగాను. "నీడిల్ క్లిప్పు ఏ గాడిలో పెట్టినావు?"

"మూడో గాడి సార్."

"విప్పి చూసినావా?"

"అందరూ ఆడనే పెడతారు సార్."

"జెట్టు నంబరెంత?"

"పెద్దదే సార్."

"కాణిపాకం పోయి ప్రమాణం చేస్తావా?"

బిల్డర్ రోడ్డు వైపు చూశాడు. కాణిపాకం పేరెత్తితే మా జిల్లాలో ఎంతటివాడికైనా రోడ్డు మీద అర్జెంటు పని కనిపిస్తుంది.

మా నాన్న ఉన్నప్పుడు ఈ బండి చూసే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. ఫిల్టర్ విప్పి, రెండు కార్బరేటర్ల నోళ్లలో చెరొక వేలు పెట్టి, రెండో చేత్తో యాక్సిలరేటర్ మెల్లగా తిప్పేవాడు. రెండు స్లయిడ్లూ ఒకేసారి లేస్తున్నాయా లేదా అన్నది వేళ్లకే తెలియాలి. లేవకపోతే ముందు కేబుల్ సరిచేసేవాడు. స్క్రూడ్రైవర్ ఆ తర్వాతే. ఆపైన రోడ్డు మీదికి తీసుకెళ్లి ఫుల్లుగా తిప్పి, అక్కడికక్కడ క్లచ్ పట్టి, ఇంజిన్ ఆపి, ప్లగ్గు విప్పి చూసేవాడు. నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ. తెల్లగా ఉంటే తక్కువ. బిస్కెట్ రంగొస్తే బీడీ వెలిగించేవాడు. సగం రోజు పని. ఎయిర్ స్క్రూ పాలించేది యాక్సిలరేటర్ కొంచెం తిప్పినంత వరకే, సగంలో నీడిల్‌ది రాజ్యం, ఫుల్లుగా తిప్పితే మెయిన్ జెట్టుది. బయటి స్క్రూని ఎన్ని చుట్లు తిప్పినా లోపలి జెట్టు చిల్లు పెద్దదవదు.

బిల్డర్ మాత్రం రుజువు తెచ్చాడు. "కొండకు పోయొచ్చినా సార్. పైన సూపర్‌గా పీకింది. అంతా స్వామి మహిమ." ఎందుకు పీకదు? తిరుపతి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉంటే తిరుమల 850 మీటర్ల పైన. అక్కడ గాలే పలచన గనక పెట్రోల్ కరువు కొంచెం తీరింది. పైగా ఘాట్ రోడ్డు మలుపుల్లో ఫుల్లుగా తిప్పేదెవరు? మెయిన్ జెట్టుకి పరీక్షే జరగలేదు. మహిమ స్వామిదే, సందేహం లేదు. కింద కరకంబాడి రోడ్డులో మాత్రం ఆ పరీక్ష జరిగింది.

షెడ్డులో స్పానర్లు అందించే పిల్లాడొకడు ఉన్నాడు. మీసాలింకా రాలేదు. వాడికి తాళమిచ్చి, "ఫుల్లుగా తిప్పి చూసి రారా" అన్నారు. హెల్మెట్ లేదు, కాళ్లకు హవాయి చెప్పులు. టూ స్ట్రోక్ బండికి పెట్రోల్ తక్కువైతే ఆ వేడికి పిస్టన్ ఉబ్బి సిలిండర్‌ని పట్టేస్తుంది, వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుంటుంది, క్లచ్ పట్టుకునేంత టైం కూడా ఉండదు. వాడికి ఈ సంగతి ఒక్కడూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లంతా కళ్లు మూసుకుని చప్పుడు వింటున్నారు! మోచెయ్యి విరిగింది. ఎదురుగా లారీ రాలేదు గనక మోచేతితో పోయింది. జెట్లు మహా అయితే కొన్ని వందలు. కొనలేదు. ట్యాంకు పెయింటుకి నలభై వేలు నా చేత్తో లెక్కపెట్టి ఇచ్చాను. బండి తెచ్చి నిలబెట్టగానే బిల్డర్ ముందు చూసింది ట్యాంకు మీద గీతల్ని. అతని భుజం మీదుగా వంగి చూసింది నేను. అప్పుడా పిల్లాడు టైర్ల మీద కూర్చుని చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నాడు.

వాడిని పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టించుకొచ్చాం. ఆకు పసరు, వెదురు బద్దలు, గట్టిగా గుడ్డ. కట్టే ఆయన ముందు రెండు చేతులూ తడిమి, ఎముక ఎక్కడుందో వేళ్లతో తెలుసుకుని, ఆ తర్వాతే గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు.

సిలిండర్ బోర్ చేయించి, కొత్త పిస్టన్ వేయించి, జెట్లు తెప్పించి, ఈసారి క్లిప్పు నా కళ్ల ముందే పెట్టించాను. రెండు ఎయిర్ స్క్రూల మీదా ఎం-సీల్ ముద్ద పెట్టి మూసేశాను. మర్నాడు పొద్దున వెళ్లేసరికి ఆటో డ్రైవర్ గోళ్లలో ఎం-సీల్ పొడి దులుపుకుంటున్నాడు.

"ఏందో అంటుకోనుంటే గీకేసినా సామీ. అర చుట్టు తిప్పినా. ఇప్పుడు విను."