పొగ వచ్చిందని ఇంజిన్ తీసి పారేస్తారా?

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. కోపం ఇంకా దిగలేదు, అందుకే రాస్తున్నాను. మావాడొకడు తన 1967 ఎంజీబీ (పాతకాలపు బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) రెస్టోరేషన్ పూర్తయిందని గొప్పగా చెప్పడానికి ఫోన్ చేశాడు. పెయింట్ అదిరిందట, క్రోమ్ మెరుస్తోందట, సీట్లు కొత్తవట. సంతోషం రా అన్నాను. మాటల్లో మాటగా, "ఇంజిన్ కూడా మార్పించేశాను, ఇంజెక్షన్‌ది, సెల్ఫ్ కొట్టగానే అందుకుంటోంది" అన్నాడు. మరి పాతదేదిరా అంటే, "ఏమో, గ్యారేజీవాళ్లే ఉంచేసుకున్నారు. తుక్కు కింద వేసేసి ఉంటారు" అట.

తుక్కు కిందట!

ఆ ఇంజిన్‌కి వచ్చిన రోగమేమిటో తెలుసా? పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కాస్త నీలం పొగ వచ్చేది. బండి వేడెక్కాక అదీ ఉండేది కాదు. ఇంజిన్లు చూసిన ఎవరికైనా మొదట వాల్వ్ సీళ్ల మీదే, అంటే సిలిండర్లోకి ఆయిల్ దిగకుండా ఆపే రబ్బరు ముక్కల మీదే అనుమానం రావాలి. రాత్రంతా ఆయిల్ గైడ్లలోంచి (వాల్వులు కదిలే గొట్టాలు) కిందికి జారుతుంది, పొద్దున మండుతుంది. ఆ సీళ్లు మార్చడానికి ఇంజిన్ దించక్కర్లేదు, హెడ్ కూడా విప్పక్కర్లేదు. ప్లగ్గు రంధ్రంలోంచి సిలిండర్లోకి గాలి పట్టించి, వాల్వులు లోపలికి జారకుండా ఆపి, స్ప్రింగులు తీసి మార్చేయొచ్చు. గైడ్లే అరిగాయంటారా, హెడ్ విప్పి అవి మార్పించండి. రబ్బరు ముక్కల కోసం ఇంజిన్ మొత్తాన్ని సాగనంపారు మహానుభావులు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే.

కంప్రెషన్, అంటే సిలిండర్లో ఒత్తిడి ఎంత వస్తోందో చూశారా అని అడిగాను. "అదేంటి?" అన్నాడు. గేజి పెట్టి చూడాలి నాయనా. రీడింగ్ తక్కువొస్తే సిలిండర్లో కాస్త ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. అప్పుడు పెరిగితే అరిగింది పిస్టన్ రింగులు, పెరగకపోతే వాల్వులో హెడ్ గాస్కెట్టో. ఇంత చిన్న పరీక్ష కూడా చేయకుండా "ఇంజిన్ అయిపోయింది సార్" అని చెప్పిన మెకానిక్‌నేమనాలి, విని తలూపిన మావాణ్నేమనాలి?

సరే, నిజంగానే అరిగిపోయిందనుకుందాం. అయితే ఏంటట? అది పోత ఇనుము బ్లాక్. బోరు చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయొచ్చు. 20 థౌ, 40 థౌ, 60 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) అంటూ సైజులు ఇప్పటికీ దొరుకుతున్నాయి. అదీ దాటిపోతే స్లీవులు (సిలిండర్లో బిగించే కొత్త గొట్టాలు) కొట్టించి మళ్లీ మొదటి సైజుకి తెచ్చుకోవచ్చు. క్రాంక్ గ్రైండింగ్ చేయించి అండర్‌సైజ్ బేరింగులు వేయొచ్చు. బ్లాక్ పగిలినా వెల్డింగ్ లేకుండా కుట్టేసే పద్ధతి ఉంది. ఎంజీబీకి స్పేర్లు దొరకవని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. 1988 నుంచి ఆ కారుకి బాడీషెల్ మొత్తం కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారండీ. బాడీయే దొరికేదానికి రింగులు దొరకవా?

ఇంకో పాట ఉంది, "లెడ్ పెట్రోల్ లేదుగా, పాత ఇంజిన్లు తట్టుకోలేవు" అని. మామూలు బంకుల్లో లెడ్ పెట్రోల్ ప్రపంచంలో ఎక్కడా లేదు, చివరికి అల్జీరియా కూడా 2021లో ఆపేసింది. అంటే అప్పటినుంచి పాత కార్లన్నీ షెడ్లలో ఏడుస్తూ కూర్చున్నాయా? లెడ్ కాపాడేది వాల్వులు ఆనే సీట్లని, హెడ్‌లో గట్టి సీట్లు వేయిస్తే ఆ గొడవ అక్కడితో సరి. పెట్రోల్లో కలిపే ఇథనాల్ భయమా, రబ్బరు పైపులు మార్చండి. ప్రతి జబ్బుకీ మందుంది. లేనిదల్లా ఓపిక.

ఇప్పుడు వేసిన ఇంజిన్‌కి పవర్ ఎంత పెరిగిందో మావాడు రెండుసార్లు చెప్పాడు. బ్రేకులో అంటే "అవి పాతవే, బానే పనిచేస్తున్నాయి" అన్నాడు. దాదాపు 95 హార్స్‌పవర్ కోసం కట్టిన కారది. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. దేవుడే దిక్కు. గేర్‌బాక్స్, మౌంటింగులు, రేడియేటర్, వైరింగ్, అన్నీ మార్చాల్సొచ్చిందట. ఆ ఖర్చులో ఒరిజినల్ ఇంజిన్‌కి రాజమర్యాదలతో ఓవర్‌హాల్ అయ్యేది.

పాతది మార్చకూడదని పట్టుబట్టే చాదస్తుణ్ని కాను నేను. కనెక్టింగ్ రాడ్ బ్లాక్‌ని చీల్చుకుని బయటికొస్తే ఏం చేస్తాం, మారుస్తాం. ఆ రోజుల్లో ఎంజీ కార్లు తయారుచేసే బీఎంసీ కంపెనీయే గోల్డ్ సీల్ పేరుతో బాగుచేసిన ఇంజిన్లు అమ్మేది. అరిగినది ఇచ్చేసి సిద్ధంగా ఉన్నది బిగించుకుని వెళ్లిపోవడమే. అందుకే ఆ తరం కార్లలో చాలావాటికి పుట్టినప్పటి ఇంజిన్ లేదు. మావాడి కారుకి ఉండేది! ఇన్నేళ్లు ఎన్ని చేతులు మారినా నిలిచింది, చివరికి దాన్ని "ప్రేమించేవాడి" చేతిలో పోయింది.

ట్రయంఫ్ స్టాగ్ అనే ఇంకో బ్రిటిష్ కారు సంగతి చూడండి. 1970 నుంచి 1977 దాకా వచ్చింది, సొంత 3 లీటర్ల వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్‌తో. వేడెక్కిపోతుందని చెడ్డపేరు. జనం దాన్ని పీకేసి రోవర్ వి8 బిగించేసుకున్నారు, తెలివైనవాళ్లమనుకున్నారు. తర్వాత నిపుణులు కూలింగ్ సంగతి శ్రద్ధగా చూస్తే అదే ఇంజిన్ బుద్ధిగా నడుస్తోంది. ఇప్పుడు కొనేవాడు బానెట్ ఎత్తి మొదట అడిగేది సొంత ఇంజిన్ ఉందా అనే. అప్పుడు పారేసినవాళ్లు ఏం చెబుతారో?

ఆఖరికి కరెంటు మోటారు పెట్టిన ఆస్టన్ మార్టిన్‌కి కూడా ఈ మాత్రం ఇంగితం ఉంది. 2018లో డీబీ6 వోలాంటేకి పెట్టిన ఎలక్ట్రిక్ కిట్, పాత ఇంజిన్ మౌంటింగుల మీదే కూర్చునేలా చేశారు. కావాలంటే విప్పేసి పాతది మళ్లీ పెట్టుకోవచ్చు. ఒరేయ్, మార్చుకో, నీ బండి నీ ఇష్టం. తీసినదానికి సిలిండర్లలో ఆయిల్ పోసి, రంధ్రాలు మూసి, కవర్ చుట్టి ఓ మూల పెట్టడానికి ఏమొచ్చింది? మూలకి అద్దె అడుగుతుందా అది?

పారేసేవాళ్లు పారేస్తుంటే, ఆ లోటు పూడ్చే వ్యాపారం ఇంకొకటి పుట్టింది. ఇది నాకు పాత మంట. ఒక షెవర్లే వి8 కూపే అమ్మకానికుందంటే చూడ్డానికి వెళ్లాను. "మ్యాచింగ్ నంబర్స్ సార్, పుట్టినప్పటి ఇంజిన్" అని అమ్మేవాడు ఒకటే ఊదరగొట్టాడు. బ్లాక్ మీద కొట్టిన నంబరూ ఛాసిస్ నంబరూ చక్కగా సరిపోయాయి. మరీ చక్కగా. ఆ చోట ఫ్యాక్టరీ మెషిన్ గీతలు సన్నగా కనబడాలి. ఇక్కడ అద్దంలా నున్నగా రుద్దేసి ఉంది, పాత నంబరు చెరిపి కొత్తది కొట్టినట్టు. టార్చి వేసి బ్లాక్ వెనక పోత పోసిన తేదీ కోడ్ చూశాను. అందులో మొదటి అక్షరం నెల, ఏ అంటే జనవరి. ఇక్కడ జీ ఉంది, అంటే జులై. కారు తయారైంది అదే ఏడాది మార్చిలో! ఇంజిన్ పుట్టడానికి నాలుగు నెలల ముందే కారు రోడ్డెక్కిందన్నమాట. ఏం మహిమో.

ఆ మాటే అన్నాను. సిగ్గుపడతాడనుకుంటే నవ్వాడు. "కింద దూరి అదంతా ఎవరు చూస్తారు సార్? నంబరు కలిసిందా లేదా, అంతే" అన్నాడు. నిజమే, ఎవరూ చూడలేదు. నెల తిరక్కుండానే ఆ కారు అమ్ముడుపోయింది, నాకు చెప్పిన రేటు కంటే ఎక్కువకే.