విమానాల గాలి వేరు, వేటగాళ్ల గాలి వేరు

కెనడాలో బాఫిన్ దీవి తూర్పు తీరాన క్లైడ్ రివర్ అనే ఊరుంది. అక్కడి ఆదివాసులైన ఇనుయిట్లు దాన్ని కంగిక్తుగాపిక్ అంటారు. 2021 జనగణన ప్రకారం జనం 1,181. ఈ ఊరికే కాదు, ఇదున్న నునావుట్ అనే ఉత్తరాది ప్రాంతంలోని 25 ఊళ్లలో ఒకదాన్నుంచి మరోదానికి రోడ్డన్నదే లేదు. దూరాభారం పోవాలంటే విమానం. వేటకైతే వేసవిలో పడవ, మిగతా నెలల్లో గడ్డకట్టిన సముద్రం మీద స్నోమొబైల్, దాని వెనక కముతిక్ అనే చెక్క బండి. చలికాలం దారులు మూసేస్తుందనుకుంటాం మనం. వాళ్లకు దారి తెరుచుకునేదే అప్పుడు.

బయల్దేరే ముందు కావలసింది గాలి కబురు. ప్రభుత్వ వాతావరణ కేంద్రం ఉంది, విమానాశ్రయం దగ్గర. అది చెప్పేది తప్పేమీ కాదు, కాకపోతే అది రన్‌వే లెక్క. వేటగాడు వెళ్లేది ఫియార్డుల్లోకి, అంటే నిట్టనిలువు కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన ఇరుకు సముద్రపు పాయల్లోకి. ఊళ్లో జెండా కదలని పొద్దున కూడా అక్కడ గాలి సందు దొరికిందే తడవుగా తోసుకొస్తుంది. పొడిమంచు లేచిందంటే ముందున్న బండి కనపడదు. గన్నవరం విమానాశ్రయంలో గాలి ఎంతుందో చెబితే అంతర్వేది దగ్గర వల వేసేవాడికి ఏం ఒరుగుతుంది?

క్లైడ్ రివర్ పెద్దలు, వేటగాళ్లు కొందరు పరిశోధకులతో కలిసి సిలాలిరిజీత్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టింది ఇందుకే. 'సిలా' అంటే వాతావరణం. ఇనుయిట్ల భాషలో తెలివికి, వివేకానికి వాడే మాటలు కూడా ఇదే ధాతువులోంచి వస్తాయి. ఊరికి దూరంగా, తాము తిరిగే చోట్ల ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు నిలబెట్టారు. ఉష్ణోగ్రత, గాలి వేగం, దిశ, తేమ ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. పరికరాలు మామూలువే. నాకు గొప్పగా అనిపించింది వాటిని ఎక్కడ పాతాలో చెప్పింది వేటగాళ్లే కావడం. గాలి ఎక్కడ విరుచుకుపడుతుందో, ఎక్కడ చూసి వెనక్కి తిరగాలో వాళ్లకు తెలుసు. మిషన్ కొనడం కంటే ఆ చోటు తెలియడమే అసలు విద్య.

దీని వెనక ఒక పేచీ కూడా ఉంది. గాలి తీరు మారిందని, ఉన్నట్టుండి దిక్కు మార్చుకుంటోందని పెద్దలు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. 2010లో వెలువడిన ఒక అధ్యయనం వాళ్ల మాటలను విమానాశ్రయం రికార్డులతో పోల్చి చూస్తే చాలాచోట్ల పొంతన కుదరలేదు. ఇలాంటప్పుడు అంకెలు నిజం, ముసలివాళ్ల మాట జ్ఞాపకాల పొరపాటు అని తేల్చేయడం తేలిక. కానీ వాళ్లు చెప్పింది రన్‌వే మీది గాలి గురించి కాదు కదా! వింతగా మారిన వాతావరణానికి వాళ్లకో మాట ఉంది, 'ఉగ్గియానక్తుక్'. బాగా తెలిసిన మనిషి ఒకరోజు పొంతన లేకుండా ప్రవర్తిస్తే ఎలా ఉంటుందో అలా అని.

గాలి వేగం ఒక్కటీ తెలిస్తే చాలదు, దిక్కు కూడా ప్రాణాల మీదికి తెస్తుంది. తీరానికి అంటుకున్న మంచు ముగిసి నీళ్లు మొదలయ్యే అంచును 'సినా' అంటారు. సీల్ వేట అక్కడే. గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు తిరిగితే ఆ అంచు విరిగి, మీదున్న మనుషులతో సహా తేలిపోవచ్చు. ఇక మంచు ఎంత మందంగా ఉందో చెప్పడం వాతావరణ కేంద్రం వల్ల కాదు. దానికి కెనడా తూర్పు తీరాన లాబ్రడార్‌లోని నైన్ ఊళ్లో మొదలైన స్మార్ట్‌ఐస్ అనే మంచు మందం కొలిచే ఏర్పాటు ఉంది. 2009-10 చలికాలం అక్కడ అసాధారణంగా వెచ్చగా గడిచి మంచు దారులు దెబ్బతిన్నాక పుట్టిన ఆలోచన అది.

అంకెలు చేతికొస్తే కుర్రాళ్లు ఫోన్‌నే నమ్ముకుంటారన్న బెంగ ఉంది. కొట్టిపారేయలేం. అసలు గాలి గీసిన గట్టి మంచు మెట్టలను బట్టి, పొగమంచులోనూ దిక్కు పోల్చుకునే విద్య వాళ్లది. బ్యాటరీ అయిపోతే మిగిలేది అదే. అయితే పెద్దాయన పక్కన కూర్చుని కుర్రాడు తెరమీది అంకె చూస్తే, ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఒక వంక దొరుకుతుంది: "ఈ గాలి ఇంత ఉంటే, ఆ మలుపు దగ్గర ఎలా ఉంటుంది తాతా?"

ఈ ఊరివాళ్లు అల్పసంతోషులు కారు. తమ సముద్రంలో చమురు కోసం భూకంప తరంగాల సర్వేకు ఇచ్చిన అనుమతిని, తమతో సరిగా సంప్రదించలేదంటూ సుప్రీంకోర్టుదాకా వెళ్లి 2017లో రద్దు చేయించారు. వాతావరణ కేంద్రాలది అంతకన్నా చిన్న గొడవలా కనిపిస్తుంది గానీ కాదు. డిసెంబరులో అక్కడ సూర్యుడు పైకి రాడు, సోలార్ పలకలు పనిచేయవు. సెన్సర్ల మీద మంచు పేరుకుంటుంది. ఎవరో ఒకరు స్నోమొబైల్ మీద వెళ్లి దులిపి రావాలి. పరిశోధన గ్రాంటు నాలుగేళ్లకో అయిదేళ్లకో అయిపోతుంది; చలికాలం మాత్రం ఏటా వస్తుంది. కెనడా దక్షిణాదిన హైవే మీద మంచు తోయడాన్ని ఎవరూ ప్రాజెక్టు అనరు. సముద్రమే రహదారి అయినచోట ఈ కేంద్రాలనూ ఆ పద్దులోనే రాయాలి: ఏటా బ్యాటరీలు, పెట్రోలు, చూసుకునే ఊరి మనిషికి నెల జీతం.