బండి ఆగిపోతే పోయేది పరువే, క్లచ్ కాలితే డబ్బు

కొత్తగా గేర్ల కారు నేర్చుకునేవారి కోసమంటూ ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. "ఈ నాలుగు పాటిస్తే మరమ్మతు ఖర్చే ఉండదు" అని దాని హామీ. దిగుడులో న్యూట్రల్ వేయండి, కాలు ఎప్పుడూ క్లచ్ మీదే ఉంచండి, ఇంజిన్‌ను ఎట్టి పరిస్థితిలోనూ ఆగిపోనివ్వకండి, క్లచ్ పోతే ప్లేటు ఒక్కటే మార్పించండి. ఈ నాలుగింటిలో మూడు ఖర్చు పెంచేవి, ఒకటి ప్రాణం మీదికి తెచ్చేది.

మూడోదాన్ని ముందు తీసుకుంటాను, మిగతా తప్పులు చాలావరకు ఆ భయంలోంచే పుడతాయి. క్లచ్ వదిలేటప్పుడు ఇంజిన్ ఆగితే బండి ఒక్క కుదుపు కుదుపుతుంది, వెనక హారన్లు మోగుతాయి. అప్పుడప్పుడు అలా ఆగినంత మాత్రాన ఇంజిన్‌కు ఏమీ కాదు. ఆగకూడదని పంతం పట్టినవారు చేసేదే అసలు నష్టం: యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి, క్లచ్‌ను సగంలో పట్టుకుంటారు. ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం ఫ్లైవీల్. క్లచ్ ప్లేటు దానికీ, తనను దానికేసి నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటుకూ మధ్య ఉంటుంది. పెడల్ సగంలో ఉన్నంతసేపూ ప్లేటు ఒక వేగంతో, ఫ్లైవీల్ మరో వేగంతో తిరుగుతూ రాసుకుంటాయి. ఆ వేడికి ప్లేటు పూత మాడుతుంది. నేర్చుకునే రోజుల్లో ఆ వాసన నాకూ తగిలింది. బయట ఎవరో ఏదో తగలబెడుతున్నారనుకుని అద్దం ఎత్తాను! ఖాళీగా ఉన్న చదునైన చోట యాక్సిలరేటర్ ముట్టకుండా క్లచ్‌ను మెల్లగా వదులుతూ, బండి కదలబోయే చోటు ఎక్కడుందో కాలికి అలవాటు చేయండి. ఇరవైసార్లు ఆగినా పర్వాలేదు.

కాలు క్లచ్ మీదే ఉంచమన్న సలహా కూడా ప్లేటునే తింటుంది. పాదం బరువుకు పెడల్ కొంచెం దిగినా ప్లేటు పట్టు సడలవచ్చు, పెడల్ తొక్కినప్పుడు ప్రెషర్ ప్లేటు పట్టును వదిలించే రిలీజ్ బేరింగ్ మీద ఒత్తిడి ఆగకుండా పడుతుంది. ఎత్తు మీద బండిని హాఫ్ క్లచ్‌తో నిలబెట్టడం ఇంకా చెడ్డది. అందుకు హ్యాండ్ బ్రేక్ ఉంది.

ఇక దిగుడులో న్యూట్రల్. ఇంధనాన్ని గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే కార్బ్యురేటర్ ఉన్న పాత బళ్ల కాలంలో ఇందులో కొంత నిజం ఉండేది. ఇంధనాన్ని కొలిచి చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక లెక్క తిరగబడింది. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే, ఇంజిన్ వేగం బాగా పడిపోయేదాకా ఇంధనం దాదాపు ఆగిపోతుంది, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో మాత్రం ఇంజిన్ తనంతట తాను తిరగాలి కాబట్టి ఇంధనం తాగుతూనే ఉంటుంది. మిగిలేదేమీ లేకపోగా, బండి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. పొడవైన దిగుడులో అవి బాగా వేడెక్కితే పట్టు తగ్గుతుంది, బ్రేక్ ఆయిల్ మరిగితే పెడల్ మెత్తబడి లోపలికి పోతుంది. కొందరు ఇంకా ముందుకెళ్లి తాళమే ఆపేస్తారు. అప్పుడు రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేకు తేలిగ్గా పడేలా ఇంజిన్ నడుస్తున్నప్పుడు అందే వాక్యూమ్ సాయం అయిపోయి పెడల్ రాయిలా మారుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. కాబట్టి దిగుడు మొదలవకముందే తక్కువ గేరు వేయండి. ఇంజిన్ అరిగిపోతుందన్న బెంగ అక్కర్లేదు. వేగంగా వెళ్తూ ఒకటో గేరులోకి లాగితే మాత్రం అది వేరే సంగతి.

చివరిది జేబును నేరుగా తాకేది. చాలా కార్లలో క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, బిల్లులో పెద్ద వంతు ఆ కూలిదే. దించాక ప్లేటు ఒక్కటే వేయించి, అరిగిన ప్రెషర్ ప్లేటునూ బేరింగ్‌నూ అలాగే వదిలేస్తే, బేరింగ్ కొన్నాళ్లకు అరవడం మొదలెట్టిన రోజు అదే కూలి మళ్లీ కట్టాలి. డబ్బు ఇబ్బంది ఉంటే ఆదా చేయాల్సిన చోటు అది కాదు, అంతకు ముందే ఉంది. నాలుగో గేరులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు జారుతున్నట్టే. అలా కాకుండా గేర్లు పడటమే కష్టంగా ఉంటే, కొన్నిసార్లు అది క్లచ్ కేబుల్ సర్దుబాటుతోనో, హైడ్రాలిక్ క్లచ్ అయితే ఆయిల్ కారుతున్న చోటు బాగుచేయడంతోనో పోతుంది. గేర్‌బాక్స్ దించమని ఒప్పుకునే ముందు ఆ రెండూ చూపించండి.