సవరణ: ఈజిప్టు కంచు జంతువులు బొమ్మలు కావు, తూనికలు

కొత్త రాజ్యం (ప్రాచీన ఈజిప్టులో సుమారు క్రీ.పూ. 1550–1070) కాలపు చిన్న కంచు ఎద్దులు, దూడలు "ఇంటి అలంకరణ బొమ్మలు, ముద్ద కంచుతో (లోపల బోలు లేకుండా) పోసినవి" అని గత పోస్టులో ఉంది. ఈ రెండు మాటలూ మార్చి చదవాలి.

ఇవి త్రాసులో వేసే తూనికలు. ఈజిప్టు పాత నగరం థీబ్స్‌లో ఫారో మంత్రి రెఖ్మిరే సమాధి గోడమీద బంగారు ఉంగరాలు తూచే దృశ్యంలో జంతు ఆకారపు తూనికలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆనాటి లెక్కలో ఒక దెబెన్ సుమారు 91 గ్రాములు, అందులో పదో వంతు కెదెత్.

పోత విషయం ఇంకా ముఖ్యం. చాలావాటిలో పైన కంచు, లోపల సీసం. మైనపు అచ్చుతో పోసిన బొమ్మ సరిగ్గా అనుకున్న బరువుకు రావడం కష్టం. అందుకే కడుపు బోలుగా వదిలి, అడుగునుంచి సీసం నింపేవారు. సీసం కంచుకన్నా బరువు, పైగా మెత్తన. ఎక్కువైతే గీకేయవచ్చు, పైనున్న జంతువు రూపం చెడదు. ఎంత చక్కని ఉపాయమో!

చిక్కు కూడా అక్కడే. సీసం తుప్పుపట్టి ఉబ్బితే కంచు పెంకు చీలుతుంది. టర్కీ తీరాన ఉలుబురున్ దగ్గర మునిగిన కంచు యుగపు వర్తక ఓడ శిథిలాల్లో దొరికిన జంతు తూనికలలో ఇది చూడవచ్చు. తుప్పు బరువు పెంచుతుంది, శుభ్రం చేస్తే తగ్గుతుంది. కాబట్టి మ్యూజియం చీటీమీది గ్రాములను నేరుగా కెదెత్‌లలోకి మార్చకండి. ముందు ఆ వస్తువు ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూడండి.

అన్నట్టు, ఉలుబురున్ తూనికలను ఈజిప్టువిగా లెక్కించకూడదు. వాటిలో ఎక్కువభాగం తూర్పు మధ్యధరా వర్తకుల కొలతకు సరిపోతాయి.